తుపాకి పట్టీకి గంజి

తుపాకి ఇంటికి రాదు. పట్టీ వస్తుంది. వరంగల్ పోలీసు లైన్లలో కాపురం పెట్టిన మొదటి వారంలోనే నాకు తెలిసిన సంగతి ఇది. డ్యూటీ దిగగానే తుపాకిని ఆయుధాల గదిలో అప్పజెప్పి, పుస్తకంలో సంతకం పెట్టి రావాలి. దాన్ని భుజానికి వేలాడదీసే నూలు పట్టీని మాత్రం మగవాళ్ళు వారానికోసారి బెల్టుతో, బనీన్లతో కలిపి మూటగట్టి ఇంటికి తెచ్చేవారు. సబ్బుపెట్టి ఉతికి, ఖాకీ పొడి కలిపిన నీళ్ళలో ముంచి ఆరేయడం మా ఆడవాళ్ళ పని. సర్కారు తుపాకిని మగవాడి భుజాన పెట్టి, దాని పట్టీని ఆడదాని నెత్తిన పెట్టిందని నేను ఎగతాళి చేసేదాన్ని. నాకు నోరు ఎక్కువ. ఆ రోజుల్లో ఇంకా ఎక్కువ.

అవి డెబ్భైల చివరి రోజులు. మా ఆయనకు ఇచ్చింది స్టెన్ గన్. ఎప్పటి యుద్ధంలోనో వాడిన రకం, ఎందరి చేతులు మారి మా దాకా వచ్చిందో తెలియదు. నేను దాన్ని దగ్గరగా చూసింది ఒక్కసారే, ఆయుధ పూజ నాడు బొట్టు పెట్టడానికి వెళ్ళినప్పుడు. నీళ్ళ గొట్టానికి పిడి తగిలించినట్టు ఉంది, దీనికా ఇంత భయపడేది అనిపించింది. పట్టీ మాత్రం నాకు బాగా తెలుసు. మూడు వేళ్ళ వెడల్పు, దళసరి నూలు, నవారు నేత. ఒక కొసన ఇనుప కొక్కెం. పట్టీని ఆ కొక్కెంలోంచి దూర్చి, వెనక్కి రెండు మడతలు మడిచి కుట్టేస్తారు. కొక్కెం తుపాకి ముందు భాగంలో ఉన్న రంధ్రానికి తగులుతుంది. రెండో కొసన ఉన్న మెలిక వెనక పిడికి పడుతుంది. తుపాకి బరువంతా మోసేది ఆ కొక్కెం మడతే.

నేను కొత్తవాడలో జంపఖానాలు, నవారు నేసే ఇంట్లో పుట్టాను. ఏ బట్ట చేతికొచ్చినా ముందు నేత చూసే అలవాటు మాది. మొదటిసారి ఆ పట్టీని చేతిలోకి తీసుకున్నప్పుడు, పర్వాలేదు, పడుగు గట్టిగానే పోశారు అనుకున్నాను. కానీ ఏళ్ళ తరబడి చెమటకు, ఎండకు, సబ్బుకు అది మెత్తబడి చుట్టుకుపోయింది. భుజం మీద వేస్తే పరుచుకోదు, తాడులా మెలి తిరుగుతుంది.

అలా మెలి తిరగడం దగ్గరే వచ్చింది మా కష్టం. సోమవారం పరేడ్‌లో ఇన్‌స్పెక్టర్ సాబ్ ఒక్కొక్కరి ముందు ఆగి బూట్లు, బెల్టు, పట్టీ చూసేవాడు. వరసగా మూడు సోమవారాలు మా ఆయన పట్టీ దగ్గర ఆగి, "ఇదేంది, ఎద్దుకు కట్టే పలుపా?" అన్నాడట. అందరూ నవ్వారట. మూడోసారి మైదానం చుట్టూ పరుగెత్తించాడు. ఆయన ఇంటికొచ్చి పట్టీని నా ముందు పడేశాడు.

"అందరి పెండ్లాలు ఉతుకుతలేరా? నీకేమైంది?"

"పాతగుడ్డను ఉతికితె కొత్తగైతదా? మీ సాబునే ఉతుకుమను."

అంతే అన్నాను గానీ లోపల పొడుచుకుంది. నేత ఇంటి పిల్లను పట్టుకుని, నీకు గుడ్డ చేతకాదు అన్నట్టు అయింది కదా. ఆ శుక్రవారం నేను చేసిన పని ఆ ఉక్రోషంతోనే చేశాను.

మా నాన్న పడుగుకు గంజి పెట్టేవాడు. తెల్లవారకముందే వీధి పొడవునా నూలు సాగదీసి, ఒకరు గంజి చల్లుతుంటే ఒకరు కుంచెతో దువ్వుతూ పోయేవారు. బియ్యపు గంజి, అందులో కాస్త పల్లినూనె, చిటికెడు మైలుతుత్తం. నూనె మెరుపు కోసం. మైలుతుత్తం ఎలుకలు ముట్టకుండా. గంజి పట్టిన నూలంటే ఎలుకకు అన్నం ముద్దే. అందుకే మా ఇంట్లో గంజి ఆరిన పడుగును గోడకు ఆనించనిచ్చేవాళ్ళు కాదు, దూలానికి తీగతో వేలాడదీసేవాళ్ళు. చిన్నప్పుడు నేనొకసారి పడుగు చుట్టను మూలన పెట్టి ఆటకు పోయినందుకు మా అమ్మ వీపు చిట్లగొట్టింది. ఇది నాకు తెలియనిది కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అన్నం వార్చిన గంజి చిక్కగా కాచాను. పల్లినూనె వేశాను. మైలుతుత్తం వేయలేదు. ఖాకీ మీద పచ్చగా మరకలు పడతాయని భయపడ్డాను. పట్టీని ముంచి, పలక మీద పరిచి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేశాను. బరువు పడేది కొక్కెం దగ్గరే కదా, అక్కడ ఇంకా బిగువుగా ఉండాలని ఆ మడతల్లోకి ఇంకో గరిటెడు గంజి పోసి ఎండబెట్టాను. సాయంత్రానికి పట్టీ కొత్త నవారులా నిలబడింది. నాకు గర్వంతో నవ్వాగలేదు.

సోమవారం ఇన్‌స్పెక్టర్ సాబ్ ఆగి, పట్టీని రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, "ఇట్లుండాలె" అన్నాడట. ఆ మాట లైన్లంతా పాకింది.

మా గోడకు ఆనుకుని ఉన్న ఇంట్లో ఒక అక్క ఉండేది. రఘునాథపల్లి వైపు రైతుల పిల్ల, నాకంటే పదేళ్ళు పెద్దది. వాళ్ళాయనా మా ఆయనా ఒకే గార్డులో పనిచేసేవారు. ఆయన దగ్గరా స్టెన్ గనే ఉండేది. ఆయన్ని నేను బావా అనేదాన్ని. నాకు నొప్పులు వచ్చిన రోజు మా ఆయన బందోబస్తులో ఉంటే, రిక్షా తెచ్చి, దవాఖానలో రెండు రోజులు నా పక్కనే కూర్చున్నది ఆ అక్క. నా బిడ్డను మొదట ఎత్తుకున్న చేతులు ఆమెవి. మా అమ్మ కంటే ముందు ఆమె ఎత్తుకుంది.

పరేడ్ సంగతి విన్న మర్నాడు ఆమె తన మొగుడి పట్టీ పట్టుకుని వచ్చింది.

"చెల్లే, దీనిక్కూడ జర గంజి పెట్టరాదే. మా ఆయన పొద్దటి సంది ఒకటే నస పెడుతాండు."

"పెట్టిస్త గని అక్కా, ఎవ్వరికి చెప్పకు. లైన్లందరు నా మీద వడ్తరు."

అప్పటికి అది నవ్వులాటే. అదే గంజి, అదే నూనె, కొక్కెం మడతలో అదే గరిటెడు. రెండు పట్టీలు ఒకే దండెం మీద పక్కపక్కన ఆరాయి.

ఆ తర్వాత మూడు వారాలు ఆ పట్టీలు ఆయుధాల గదిలోనే ఉన్నాయి. ఉతకడానికి ఇంటికి రాలేదు, రానివ్వలేదు. ఉతికితే బిగువు పోతుందని నేనే వద్దన్నాను. అక్కడ తుపాకులు చెక్క చట్రంలో నిలబెట్టి ఉంటాయి. పట్టీలు కిందికి వేలాడుతూ గోడకు తగులుతుంటాయి. గోడకు తగలడం అంటే ఏమిటో నాకంటే బాగా తెలిసిన ఆడది ఆ లైన్లలో లేదు. నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

పరకాలలో బందోబస్తు పడింది. పొద్దున పదింటికి వ్యానులో బయలుదేరారు. అక్కడేం జరిగిందో మా ఆయన నాకు తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు, నేను వాటిని అతుక్కున్నాను. వ్యాను ఆగింది. మా ఆయన వెనక చెక్క మీంచి రోడ్డు మీదికి దూకాడు. దూకిన అదురుకు కొక్కెం దగ్గర పట్టీ పుటుక్కుమని తెగింది. తుపాకి జారి, పిడి నేలకు కొట్టుకుంది. ఆ రకం తుపాకితో అదే గొడవట. లోపల తూటాలున్నప్పుడు గట్టిగా కింద పడితే, ఎవరూ నొక్కకుండానే పేలుతుంది. ఒక్కటే పేలింది. దాని మూతి పైకుంది. వ్యాను చెక్క మీద, దూకడానికి వంగి ఉన్నది బావ. తొడలోంచి దూసుకుపోయింది.

"అన్న ఒక్క మాట అనలే," అన్నాడు మా ఆయన. "నా మొకం దిక్కు చూసి కూలవడ్డడు."

ఆయన్ని అదే వ్యానులో వరంగల్ దవాఖానకు తెచ్చారు. మా ఆయన చొక్కా నిండా నెత్తురుతో ఇంటికి వచ్చాడు. గడప దగ్గర కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు. నేను భయపడి ఆయన ఒళ్ళంతా తడిమాను. నీకేం కాలేదా అని అడిగాను. ఆయన తల ఎత్తి నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను.

"మడత లోపట కొరికి ఉన్నదే. ఎలుక. మీదిపొర ఒక్కటి మిగిలింది. లోపట అంత ఖాళీ."

నా నోరు మూతబడ్డ మొదటిసారి అదే. మూలన పెట్టిన పడుగు చుట్ట, మా అమ్మ చెయ్యి, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. నేనే, నేనే, అని గోడకేసి తల కొట్టుకున్నాను. ఆయన వచ్చి నా నోరు మూశాడు. పక్కింటి గోడ సన్నది.

విచారణ మొదలైంది. వేరే జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. పట్టీ దానంతటది పాతబడి తెగిందా, లేక వాడినవాడి తప్పువల్ల తెగిందా? పాతబడి తెగితే మా ఆయనది చూసుకోని తప్పు, అంతే. ఏదో ఒక శిక్షతో పోతుంది. కానీ సర్కారు సామానుకు సబ్బు, ఖాకీ రంగు తప్ప ఇంకేదీ తగలకూడదు. తినే వస్తువు పూసి ఎలుకల పాలు చేశాడని తేలితే ఉద్యోగం ఊడుతుంది. ఉద్యోగంతో పాటే ఆ గది ఖాళీ చేయాలి. బావకు ఏమైనా అయితే కేసు కూడా. ఏడు నెలల పసిబిడ్డతో మళ్ళీ కొత్తవాడ చేరదామన్నా అక్కడ మా నాన్నకే మగ్గం ఆడటం లేదు.

మా ఆయన పాతది సార్, చివికింది సార్ అని అదే మాట మీద నిలబడ్డాడు. గంజి చిక్కగా ఉన్న మడతను ఎలుకే తినేసింది, మిగతా పట్టీ చెమటకు మెత్తబడింది, కానీ ఎలుక కొరికిన గుర్తులు అధికారి కంట పడనే పడ్డాయి. గదిలో ఎలుకలున్నాయి, నిజమే, కానీ అన్ని పట్టీలుండగా దీన్నే ఎందుకు కొరికింది అని అడిగాడట. గదిలోని పట్టీలన్నీ బల్ల మీద వరసగా పరిపించాడట. ఒక్కదానికీ పంటి గాటు లేదు.

"ఒక పట్టీ తక్కువున్నది, ఎవలది?" అన్నాడట.

అది బావది. ఆయన్ని దవాఖానలో చేర్చినప్పుడు తుపాకి విడిగా అప్పజెప్పి, పట్టీ, బెల్టు, నెత్తురు బట్టలు మూటగట్టి అక్క చేతికిచ్చారు. రేపు పదకొండింటికి ఆ పట్టీ తెచ్చి చూపించమని అధికారి అక్కకు కబురు పెట్టాడు.

ఉన్న పట్టీలన్నిట్లో గంజి తాగినవి రెండే. రెండూ నేను పెట్టినవే. రెండోదీ కొరికి ఉంటే, పక్కపక్క ఇళ్ళ నుంచి వచ్చిన రెండింటినే ఎలుక ఎందుకు ఏరుకుందో పసిపిల్లాడైనా చెబుతాడు. వేలు పెట్టి చూస్తే చాలు, గరుకు తగులుతుంది. మా బతుకు ఆ మూటలో ఉంది. ఆ మూట అక్క దగ్గర ఉంది.

"అక్కతోని చెప్పెయ్యి," అన్నాడు మా ఆయన. "చెప్పి అడుగు. నాకు మొకం లేదు."

"ఏమని చెప్పాలె? నీ మొగని కాలు నేనే తీసిన అని చెప్పాల్నా? చెప్పినంక ఇస్తదా ఆమె?"



రాగిజావ గిన్నెలో పోసుకుని, బిడ్డను చంకనేసుకుని మధ్యాహ్నం ఎండలో దవాఖానకు నడిచాను. దారి పొడవునా రెండు మాటలు సిద్ధం చేసుకున్నాను. ఒకటి నిజం. రెండోది, మూట ఇటియ్యి అక్కా, ఉతుక్కొస్త అని. ఏది నోట్లోంచి వస్తుందో నాకే తెలియదు. ఒకచోట ఆగి, ఎవరింటి అరుగు మీదో కూర్చుని, పిచ్చిదానిలా ఏడ్చాను. ఒక ముసలామె బయటికొచ్చి నీళ్ళిచ్చింది.

అక్క మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. బావకు ఒళ్ళు కాలిపోతోంది, ఏదేదో మాట్లాడుతున్నాడు. కాలు ఉంచుతారో తీస్తారో రెండు రోజుల్లో చెబుతామన్నారట. అక్క జుట్టు ముడి ఊడిపోయి ఉంది, కట్టుకునే ఓపిక లేదు. నన్ను చూసి బిడ్డ కోసం చేతులు చాచింది. బిడ్డ ఆమె మీదికి దూకింది.

నిజం నా గొంతు దాకా వచ్చింది. నిజంగా వచ్చింది. అక్కా అన్నాను. ఆమె తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఏంది చెల్లే, చెప్పు అంది.

"బావ మూట ఇటియ్యి అక్కా. ఉతుక్కొస్త," అన్నాను.

ఆమె కళ్ళు దించుకుంది.

"నేనే ఉతికిన. నెత్తురు చూడబుద్ధి గాలే. అగో, కిటికికి ఆరేసిన."

కిటికీ ఊచల మీద పట్టీ వేలాడుతోంది. దగ్గరికి వెళ్ళి పట్టుకున్నాను. మెత్తగా ఉంది. గంజి చుక్క మిగల్లేదు, నీళ్ళన్నీ తీసేశాయి. కొక్కెం దగ్గర వేళ్ళతో నొక్కి చూశాను. మడత నిండుగా, గట్టిగా ఉంది. ఎలుక దీన్ని ముట్టలేదు. ఆ కిటికీ పట్టుకునే నిలబడ్డాను. దేవుడా బతికించావు అనుకున్నాను. బావ పక్కన మూలుగుతుంటే, నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషమే కలిగింది.

మర్నాడు ఆ పట్టీని అధికారికి చూపించారు. వంచి చూశాడట, సాగదీసి చూశాడట, పక్కన పెట్టాడట. చివరికి పాత పట్టీ, ఎలుక కొరికింది, సరిగ్గా చూసుకోలేదు అని రాశాడు. మా ఆయనకు తుపాకి డ్యూటీ తీసేసి వాహనాల షెడ్డులో వేశారు. సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా పడింది. ఉద్యోగం మిగిలింది.

బావ కాలు కూడా మిగిలింది, కానీ మోకాలు వంగదు. కర్ర పట్టుకుని గేటు దగ్గర కుర్చీలో కూర్చునే పనిచ్చారు. మా ఆయన కనిపిస్తే, "రా తమ్మి, కూసో" అని పక్కన కూర్చోబెట్టుకునేవాడు. మా ఆయన కూర్చునేవాడు కాదు.

నాలుగేళ్ళకు పైగా ఆ గోడకు ఇటువైపు నేను, అటువైపు ఆమె. ఆ తర్వాత మా ఇంట్లో ఏ బట్టకూ గంజి పెట్టలేదు. ఎందుకు పెట్టవని ఎవరైనా అడిగితే కసురుకునేదాన్ని. అక్కకు రెండు బిందెల నీళ్ళు తెస్తే చాలన్న చోట నాలుగు తెచ్చేదాన్ని. బావ బట్టలు నేనే ఉతికేదాన్ని. ఆమె వద్దనేది కాదు, మెచ్చుకునేది కాదు. ఒక్కోసారి చేస్తున్న పని ఆపి నన్ను చూసేది, దవాఖానలో చూసినట్టే. నేను వెంటనే ఏదో ఒక మాట మొదలుపెట్టేదాన్ని. కూరగాయల ధరలు, బిడ్డ బడి, ఎవరింట్లోనో పెళ్ళి. నా నోరు అంత పనికొచ్చింది ఎప్పుడూ లేదు.

ఒకసారి బట్టల బండ దగ్గర మేమిద్దరమే ఉన్నాం. బావ పాంటు నా చేతిలో ఉంది. వంగని ఎడమ మోకాలు దగ్గర గుడ్డ అరగదు, కుడి మోకాలు దగ్గరే అరుగుతుంది. అది చూసి నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాను. అక్క చెయ్యి ఆపింది, ఎదురుచూస్తున్నట్టు. నేను సబ్బు కళ్ళల్లో పడిందన్నాను. ఆమె బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమె మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. తిట్టదు, కొట్టదు, అడగదు. ఇంత మంచిదాన్ని పక్కింట్లో ఎందుకు పెట్టావు దేవుడా అని తిట్టుకున్నాను.

ఎనభైలు వచ్చాయి. బావను పనికిరాడని తీసేశారు. రఘునాథపల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో రెండెకరాలున్నాయి, అక్కడికి పోతామన్నారు. వంగని కాలుతో వ్యవసాయం ఎలా అని ఎవరూ అడగలేదు. ఒక ఆదివారం పొద్దున లారీ వచ్చింది. మంచాలు, బోళ్ళు, మేక, అన్నీ ఎక్కించాం. బావను ముందు డ్రైవరు పక్కన కూర్చోబెట్టాడు మా ఆయన, ఎత్తుకుని. ఎత్తుకున్నప్పుడు ఇద్దరూ ఏడ్చారు.

అక్క ఖాళీ ఇంట్లో చివరిసారి ఊడుస్తోంది. నేను లోపలికి వెళ్ళాను. ఇదే ఆఖరు, చెప్పకపోతే ఇక లేదు అని నాకు తెలుసు. ఆమె చీపురు గోడకు ఆనించి, నడుము దగ్గరి చిన్న సంచి విప్పి, వక్కల కింది నుంచి ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టింది.

మూడు వేళ్ళ వెడల్పు, రెండు వేళ్ళ పొడవు. ఖాకీ నవారు ముక్క. ఒక అంచు కత్తిరించి ఉంది, రెండో అంచు సన్నటి పళ్ళతో కొరికి ఉంది. గంజి పెట్టినప్పుడు ఎలా బిగిసిందో అలాగే చెక్కలా బిగిసి ఉంది.

"మా ఆయన పట్టీది," అంది అక్క. "దవాఖానల మూట విప్పినప్పుడే చూసిన. కొక్కెం కాడ సగం తిని ఉన్నది. కుట్టు ఇప్పి, తిన్నకాడికి కత్తిరించి, మళ్ళ మడిచి కుట్టిన. సిస్టరమ్మను సూది అడుక్కున్న. కుట్టినంక ఉతికిన."

ఆ రోజు కిటికీ దగ్గర పట్టీని పట్టుకుని చూసిన చేతులు ఇవే. పుట్టినప్పటి నుంచి నవారు చూసిన కళ్ళు ఇవే. పట్టీ రెండు వేళ్ళ మేర పొట్టిదైందని, మడత దగ్గర దారం కొత్తదని చూడలేదు. నాకు కావలసింది మాత్రమే చూసుకున్నాను.

"ఎందుకక్కా?" అన్నాను ఎలాగో.

"నీ ఇల్లు గూడ మునిగితె నా ఇల్లు తేల్తదా? గంజి పెట్టుమన్నది నేను గూడ. నన్ను నేనేం తిట్టుకోలే అనుకుంటానవా?"

"అక్కా, కొక్కెం కాడ ఇంకో గరిటె పోసింది నేనే. మైలుతుత్తం ఎయ్యకపోయింది..."

అన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి, మా నాన్న పడుగు, ఎలుకలు, దూలం, అన్నీ. ఆమె కాసేపు విన్నది. తర్వాత చెయ్యి ఎత్తి ఆపమంది.

"ఇప్పుడెందుకే? నాకు తెల్వక గాదు. మూట అడిగినప్పుడే నీకు ఎరుకేనని సమజైంది. నువ్వు నాకు చెప్తవని చూసిన. ఆనాడు చూసిన, మల్లొకనాడు చూసిన. నాలుగేండ్లు చూసిన చెల్లే. నా మొగని కాలు పోయింది, దానికి ఏడ్చిన. నువ్వు పక్కపొంటి ఉండుకుంట ఒక్కమాట చెప్పకపోతివి, దానికి గూడ ఏడ్చిన."

చీపురు నా చేతికిచ్చి బయటికి నడిచింది. నేను వెనక పరుగెత్తేసరికి లారీ ఎక్కేసింది. నా బిడ్డ పెద్దమ్మా పెద్దమ్మా అని ఏడుస్తుంటే కిందికి వంగి దాని బుగ్గ నిమిరింది. నా వైపు చూడలేదు. లారీ పోయాక ఆ ఖాళీ ఇల్లు నేనే ఊడ్చాను.

ఆ తర్వాత రెండుసార్లు ఆ ఊరికి వెళ్ళాను. రెండుసార్లూ అన్నం పెట్టింది. చెల్లే అనే పిలిచింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు.

ఆ ముక్క నా ట్రంకు పెట్టెలో, పట్టుచీరల మధ్య కాదు, విడిగా ఒక ఇత్తడి డబ్బాలో ఉంది. ఎలుకల భయం నాకు ఇప్పుడు బాగా గుర్తుంటుంది. గోరువెచ్చని నీళ్ళలో వేస్తే నిమిషంలో గంజి దిగిపోతుంది, మెత్తని గుడ్డ అవుతుంది. ఎన్నోసార్లు గిన్నెలో నీళ్ళు పోసుకుని కూర్చున్నాను. నీళ్ళు చల్లారిపోయాయి. ముక్కను మళ్ళీ డబ్బాలో పెట్టేశాను.